లేబుల్ మీదున్న అమ్మమ్మ మా అమ్మ కాదు

నల్లకుంటలో మా కొట్టుకి పద్నాలుగేళ్లుగా వస్తున్నవాళ్లకి, ఫోన్ చేసి పార్సిల్ తెప్పించుకునేవాళ్లకి ఈ సంగతి నేనే చెప్పాలి. ఇప్పటికే సగం మందికి తెలిసిపోయింది. మిగతా సగం మంది ఇంకొకరి నోట వినడం నాకిష్టం లేదు.

ఈ వేసవిలో ఆవకాయ జాడీలకి కొత్త లేబుల్ వేశాం. మట్టిగోడ ముందు, రోలు పక్కన, నేతచీరలో ఒక పెద్దావిడ నవ్వుతూ కూర్చుని ఉంటుంది. కింద "మా అమ్మ చేతి రుచి" అని అక్షరాలు. ఆవిడ మా అమ్మ కాదు. ఆ గోడ మట్టిది కాదు, థర్మోకోల్ మీద రంగు. రోలు అద్దెది. ఆవిడ ముందు పళ్లెంలో ఎర్రగా మెరుస్తున్నది ఆవకాయ కూడా కాదు.

మొదట పట్టుకున్నది విద్యానగర్ నుంచి వచ్చే ఒక అక్క. "ఈ మామ్మని మొన్న ఒక నెయ్యి డబ్బా మీద చూశానమ్మా. అక్కడ కూడా వాళ్లమ్మ అనే రాశారు. మీరూ వాళ్లూ అక్కచెల్లెళ్లా?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు. ఆ తర్వాత వారంలో జాడీ తెరిచినవాళ్లు పదకొండు మంది ఫోన్ చేశారు. ఫోటోలో ఎరుపు వేరు, మాకొచ్చిన ఎరుపు వేరు, కారం మార్చారా, నూనె తగ్గించారా అని.

రుచి సంగతి ముందే చెప్పేస్తాను. ఏదీ మారలేదు. మోండా మార్కెట్‌లో నా కళ్లముందు కొట్టించిన కాయే, ఎప్పటి నువ్వుల నూనే, ఎప్పటి కొలతలే. ఎరుపే కావాలంటే వరంగల్ వైపు పండే చపాటా మిరప కొంచెం కలిపితే వస్తుంది. దానికి ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. కలపడం తప్పేం కాదు, మా ఇంట్లో అలవాటు లేదు అంతే. పైగా ఆవకాయ కలిపిన మూడో రోజు తిరగకలిపినప్పుడుండే రంగు వేరు, మూడు నెలలు ఊరాక ఉండే రంగు వేరు. ఇది మీకు తెలియంది కాదు. మీకు తెలియనిది ఆ ఫోటో ఎలా తీశారన్నది.

మా చెల్లెలి కూతురు చాలా రోజులుగా పోరుతోంది. "పెద్దమ్మా, అందరి జాడీలూ ఫోన్లో ధగధగలాడుతున్నాయి, మనది చూస్తే కరెంటు పోయినప్పుడు తీసినట్టుంది" అని. సరే అని ఒక ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడుకున్నాం. లేబుల్ డిజైన్‌తో కలిపి 38,000 రూపాయలు. పేరు చెప్పను. కుర్రాడు పనిమంతుడే. నేను అడిగింది చేశాడు, కొంచెం ఎక్కువే చేశాడు.

మొదటి రోజు మా ఇంటికే వచ్చాడు. "ఇంట్లో అమ్మమ్మలెవరైనా ఉన్నారా ఆంటీ?" అన్నాడు. ఉంది కదా, మా అమ్మ. 79 ఏళ్లు. ఈ కొట్టులో ప్రతి పచ్చడి కొలతా ఆవిడదే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. నైటీ మీద తువ్వాలు, శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నల్ల కళ్లద్దాలు, వాచిన కాళ్లు పీట మీద. నాలుగు ఫోటోలు తీశాడు. కెమెరా వెనక తెర చూసుకుని, నా వైపు తిరిగి, "ఆంటీ, అమ్మమ్మ ఫీల్ రావట్లేదు" అన్నాడు.

అమ్మకి వినపడింది. ఆవిడకి చూపు తగ్గింది కానీ చెవులు బాగానే ఉన్నాయి. ఏమీ అనలేదు. వెల్లుల్లి బుట్ట ఒళ్లోకి లాక్కుని పని చేసుకుంది. నేనూ ఏమీ అనలేదు. మీరు నన్ను తిట్టదలుచుకుంటే ఎరుపు గురించి కాదు, ఆ నిమిషం గురించి తిట్టండి.

వారం తర్వాత యూసుఫ్‌గూడలో ఒక సెట్టింగ్ ఫ్లోర్‌కి వెళ్లాం. కృష్ణానగర్ నుంచి ఆ పెద్దావిడ వచ్చింది. రోజు కూలికి సినిమాల్లో, సీరియళ్లలో అమ్మమ్మ వేషాలు వేస్తుందట. ఆవిడ జుట్టుకి ఇంకాస్త తెలుపు రాశారు. లైటు ముందు చీలికలు కోసిన అట్టముక్క నిలబెడితే, తాటాకుల సందుల్లోంచి ఎండ పడ్డట్టు గోడ మీద నీడలొచ్చాయి. ఆ గదికి కిటికీయే లేదు. ఊరిన ఆవకాయ ముక్కలు ముడుచుకుని, నల్లబడి, కెమెరాకి బాగోవట. అందుకని అరగంట ముందు కోసిన పచ్చి ముక్కల్ని కారంలో దొర్లించి, నూనె పూసి, పైన కుంచెతో గ్లిజరిన్ అద్దారు. పళ్లెంలో అడుగున ఒక గిన్నె బోర్లించి దాని మీద పేర్చారు, రాశి పోసినట్టు కనపడాలని. పక్కన అన్నంలో ఆవిరి కోసం వెనక అగరొత్తులు వెలిగించారు. మా ఆవకాయ పక్కన అగరొత్తి వాసన! అప్పుడే లేచి వచ్చేయాల్సింది.

"ఇలా బోర్లించడమేంటి బాబూ?" అంటే, "అందరూ చేసేదే ఆంటీ" అని ఒక కథ చెప్పాడు. నమ్మక తర్వాత మా అమ్మాయి చేత వెతికించి చూశాను, నిజమే. అమెరికాలో 1960ల చివర క్యాంప్‌బెల్ సూప్ ప్రకటనలో కూరముక్కలు అడుగుకి మునిగిపోతున్నాయని గిన్నెలో గాజు గోళీలు పోశారు. గోళీల మీద ముక్కలు తేలి, సూప్ నిండా అవే ఉన్నట్టు కనపడింది. అక్కడి ప్రభుత్వ వాణిజ్య కమిషన్ అభ్యంతరం చెప్పి 1970లో దాన్ని ఆపించింది. కుర్రాడు ఈ కథ గర్వంగా చెప్పాడు. చివర ఆపించారన్న ముక్క మాత్రం చెప్పలేదు.

నాకు ఇవన్నీ తెలియవని అనుకోకండి. సిగ్గు అక్కడే. మా నాన్నకి సుల్తాన్ బజార్‌లో ఫోటో స్టూడియో ఉండేది. నేను పెరిగిందే ఆ తెరల మధ్య. తాజ్‌మహల్ తెర ఒకటి, సముద్రం తెర ఒకటి, మోగని టెలిఫోన్ ఒకటి. మగవాళ్లకి ఒక్కటే నల్లకోటు. సన్నవాడికైతే వెనక నుంచి పిన్నులు, లావువాడికైతే వెనక విప్పేసి ముందు మాత్రం గుండీలు. పెళ్లిచూపుల ఫోటోకొచ్చే పిల్ల పొట్టిదైతే కాళ్ల కింద పీట, పీట కనపడకుండా ముందు పూలకుండీ. నెగెటివ్ మీద పెన్సిల్‌తో మొటిమలు చెరపడం నాన్న దగ్గర నేనే నేర్చుకున్నాను.

నాన్నకి రాజా దీన్‌దయాళ్ అంటే దేవుడితో సమానం. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోలు తీసి, ముసవ్విర్ జంగ్ అని బిరుదు పొందినాయన. పరదాలో ఉండే ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ నవాబుల ఫోటోలు చూపిస్తూ నాన్న అనేవాడు, "ఎవరూ ఊరికే కూర్చోలేదు చూడు. చెయ్యి ఎక్కడ పెట్టాలి, కత్తి ఎటు ఆనించాలి, పక్కన ఎవరు నిలబడాలి, అన్నీ సర్దినవే."

ఇంకొక ఫోటో చూపించాడు. అది మాత్రం నా చిన్నప్పుడు జ్వరంలో కలలోకొచ్చేది. ధాత కరువు, అంటే 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన కరువు. మద్రాసు సైన్యంలో పనిచేసే హూపర్ అనే తెల్ల అధికారి తీశాడు. ఎముకలు లెక్కపెట్టగలిగే మనుషులు, పిల్లలు. కానీ చూస్తే అంతా ఒక గ్రూపు ఫోటోలా కుదురుగా అమరి ఉన్నారు, కొందరు కూర్చుని, కొందరు వెనక. పెళ్లిలో మనం నిలబెడతామే అలాగ. ఆకలి నిజం, అమరిక ఫోటో తీసినవాడిది. "వీళ్లని ఇలా కూర్చోమని ఎవరో చెప్పి ఉంటారు కదా" అన్నాడు నాన్న. అంతే అన్నాడు. నాకప్పుడు పదేళ్లు.

కాబట్టి సర్దడం తప్పని నేననను. నాన్న కోటు సంగతి ఊరందరికీ తెలుసు. ఫోటోలో ఆ కోటు చూసి ఎవరూ పిల్లనివ్వలేదు. (పీట వల్ల మాత్రం ఒకసారి గొడవైంది, అది వేరే కథ.) నా లేబుల్ అలాంటిది కాదు. "మా అమ్మ" అని మీరు నమ్మాలనే రాశాను. ఆ రెండు మాటలు లేకపోతే ఆవిడ ఎవరో ఒక పెద్దావిడ. ఉంటే మా అమ్మ. థర్మోకోల్ గోడ కుర్రాడిది, మాటలు నావి.

మా అన్నయ్య కొడుకు లాయరు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉందని భయపెట్టాడు. భయానికి రాయడం లేదు. భయమే అయితే లేబుళ్లు గుట్టుగా మార్చేసి ఊరుకునేదాన్ని.

లేబుళ్లు 3,000 వేయించాం. 1,900 మిగిలాయి. వాటిని ఏం చేయాలన్న దాని మీద ఇంట్లో పది రోజులు యుద్ధం జరిగింది. పారేయమని మా ఆయన. డబ్బు పోతే పోయింది, పరువు ముఖ్యం అని. నాకు మనసొప్పలేదు, బాగున్న కాగితం పారేయడం నా వల్ల కాదు. అమ్మ ఫోటోతో కొత్త లేబుల్ వేద్దామని మా అమ్మాయి. అది నాకు నచ్చింది. నేతచీర తీసి, అమ్మని రోలు దగ్గర కూర్చోమన్నాను. ఆవిడ నా మొహం చూసి, "ఆ రోలు ముట్టుకుని ఇరవై ఏళ్లయిందే. ఆవపిండి గిర్నీలో ఆడిస్తున్నాం కదా. ఇప్పుడు నేను కూర్చుంటే నాదీ వేషమే" అంది. అన్నాక ఇంకోటి కూడా అంది, "ఆ పిల్లాడికి పనికిరాని మొహం నీకిప్పుడు పనికొచ్చిందా?" అని. చీర మడిచి లోపల పెట్టేశాను.

ఆ ముఖం మీద తెల్ల స్టిక్కర్ అంటిద్దామనుకున్నాను. అమ్మ ఊరుకోలేదు. బతికున్న మనిషి మొహం మీద తెల్లది కప్పుతావా, అపశకునం, ఆవిడేం పాపం చేసింది అని. నిజమే. ఆవిడ పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా ఆ లైట్ల వేడిలో నవ్వింది. మధ్యాహ్నం మేం తీసుకెళ్లిన అసలు ఆవకాయతో అన్నం తిని, అరకిలో కావాలని డబ్బులు తీసింది. ఆవిడ మీద జోకులు వేస్తూ కొందరు మెసేజ్‌లు పెట్టారు. దయచేసి వద్దు.

చివరికి ముఖం వదిలేసి, "మా అమ్మ చేతి రుచి" అన్న అక్షరాల మీదే స్టిక్కర్ వేస్తున్నాం. దాని మీద ఇలా ఉంటుంది: "ఫోటోలో ఉన్నావిడ నటి. పచ్చడి మాత్రం మాదే." మా ఆయన ఇది చూసి తల పట్టుకున్నాడు. వ్యాపారం మానేసినట్టే అన్నాడు. మానను. 1,900 అయిపోయేదాకా ఇలాగే అమ్ముతాను. ఆ తర్వాత ఫోటో లేని లేబుల్, పేరు, బరువు, కలిపిన తేదీ, అంతే.

ఇకమీదట ఫోన్లో పంపే ఫోటోలు మా వంటింటి గట్టు మీద నేనే తీస్తాను. అందులోనూ గట్టు తుడుస్తాను, గ్యాస్ బండ పక్కకి జరుపుతాను, అంత మాత్రం చేస్తాను. జాడీలోది మాత్రం ఆ రోజు అమ్మేదే ఉంటుంది. కలిపి ఎన్నాళ్లైందో కింద రాస్తాను. నల్లబడితే నల్లగానే కనపడుతుంది.

కొత్త లేబుల్ చూసి కొని, మోసపోయామనిపించినవాళ్లు జాడీ తెరిచినా సరే తెచ్చివ్వండి, డబ్బు పూర్తిగా ఇస్తాం. పార్సిల్ వాళ్లకి తిరుగు ఖర్చు మాదే. ఇప్పటికి నలుగురు తెచ్చారు. ఒకాయన సగం తిని తెచ్చాడు, అయినా ఇచ్చాను.

ఆదివారం కొట్టు మూసి ఉంటుంది, స్టిక్కర్లు అంటించాలి. అమ్మ అంటిస్తుంది, నేను అందిస్తాను. ఆవిడకి చూపు ఆనక కొన్ని వంకరగా పడుతున్నాయి. సరిచేయబోతే ఊరుకోవడం లేదు.