వాలు సున్నా కాదంటే గీత సరిగ్గా ఉన్నట్టేనా?

సంపాదకులకు,

‘ఎరువు కిలో పెంచితే దిగుబడి ఇంత పెరుగుతుంది, గణాంకపరంగా రుజువైంది’ అనే మాట వ్యవసాయ వార్తల్లో తరచూ కనిపిస్తుంది. చిత్తూరు వైపు చెరకు వేసి బెల్లం వండే రైతు దాన్ని నమ్మి ఇంకో బస్తా యూరియా చల్లితే తప్పు ఆయనది కాదు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. చెరకు మడులు 12. ఎకరాకు నత్రజని 0, 50, 100, 150 కిలోలు, ఒక్కో మోతాదు మూడేసి మడులకు. సగటు దిగుబడి వరసగా 20, 27.5, 30, 27.5 టన్నులు. వీటికి సరళరేఖ వేస్తే వాలు 0.05, కిలో నత్రజనికి 50 కిలోల చెరకు అన్నమాట. రేఖ చుట్టూ మడుల చెదురు 3 టన్నులైతే వాలు స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలో ఉండగల తేడా) సుమారు 0.0155, వాలును దానితో భాగిస్తే వచ్చే టి విలువ 3.2. మడులు 12, రేఖకు లెక్కగట్టిన రెండు అంకెల (మొదలు, వాలు) కోసం రెండు తీసేస్తే 10. దానికి టి పట్టికలో 95 శాతం హద్దు 2.228. దాటేసింది, ‘రుజువైంది’.

రుజువైంది వాలు సున్నా కాదన్న ఒక్క ముక్కే. సంబంధం సరళరేఖేనన్నది ఆ పరీక్ష ముందే ఒప్పేసుకుని కూర్చుంది.

దిగుబడిలోంచి రేఖ చెప్పింది తీసేసి చూడండి: −2.5, +2.5, +2.5, −2.5. కొసలు రెండూ కిందికి, నడుము పైకి. అంటే వంపు ఉంది. మోతాదు వర్గాన్నీ (మోతాదును మోతాదుతోనే గుణిస్తే వచ్చేది) చేర్చి మళ్లీ లెక్కిస్తే వర్గం గుణకం −0.001, దాని టి విలువ −6.7; ఈసారి మూడు తీసేయాలి కాబట్టి హద్దు 2.262, గుర్తు పక్కనపెడితే అదీ దాటేసింది. దిగుబడి 100 కిలోల దగ్గరే శిఖరం చేరి దిగిపోతోంది. 200 కిలోలకు రేఖ 32.5 టన్నులు చూపిస్తే, వంపు 20 అంటుంది. (ప్రయోగంలో లేని మోతాదు గురించి ఆ రెండు మాటలూ నమ్మదగినవి కావనుకోండి.) పైగా నత్రజని మితిమీరితే రసంలో తీపి తగ్గి బెల్లం నాణ్యత దెబ్బతింటుంది, టన్నుల లెక్కలో అది కనబడదు.

వర్గం చేర్చినా గుణకాల పరంగా అది లీనియర్ మోడలే, ఎక్సెల్ చాలు. పెరిగి ఒకచోట నిలిచిపోయే మిచర్లిష్ వంపుకైతే ప్రారంభ విలువలు మనమే ఇవ్వాలి; అవి తప్పితే సాఫ్ట్‌వేర్ చుట్లు తిరిగి తప్పుడు చోట ఆగుతుంది, లేదా చేతులెత్తేస్తుంది.

ఇలాంటి వార్త వేసేటప్పుడు వాలు ఒక్కటే కాక అది ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చెప్పే 95 శాతం హద్దులు (ఇక్కడ కిలో నత్రజనికి 15 నుంచి 85 కిలోల చెరకు), ప్రయోగించిన మోతాదులు, మడుల చుక్కల పటం కూడా వేయండి. పటానికి రెండు కాలమ్‌ల చోటు చాలు.

– స్టాటిస్టిక్స్ అధ్యాపకులు, చిత్తూరు