నా కుడిచేతిని దారికి తెచ్చినవాళ్ళకు

తిరుపతి బైరాగిపట్టెడలో జాకెట్లు కుట్టుకుంటూ, మగ్గం వర్క్ చేసుకుంటూ బతికే నేను మళ్ళీ సూది పట్టాను. అందుకు కారణమైనవాళ్ళకు నలుగురి ముందూ దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నా.

మొదటి దండం మా వీధి మలుపులో పూలమ్మే అక్కకు. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందనీ, చెయ్యి విదిలిస్తే గానీ తగ్గడంలేదనీ చెప్పుకుంటే, "చిటికెనవేలికి కూడా ఉందా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే నాకొచ్చిందే నీకూ వచ్చింది, స్విమ్స్ ఆసుపత్రికి పోదాం పద" అంది. శుక్రవారం పూట బేరం వదులుకుని నా వెంట వచ్చింది. తిరుపతిలో శుక్రవారం పూల బేరమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్ళయితే పుత్తూరు కట్టు కట్టించుకు రమ్మన్నారు. ఎముక విరిగితే పుత్తూరు పేరు పెద్దదే, కాదనను. నాది నరం కదా!

నరాల డాక్టరు రెండు మణికట్లూ కిందికి వంచి, చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి నిమిషం పాటు ఉంచమన్నారు. నిమిషం నిండకముందే తిమ్మిరి పట్టుకుంది. తర్వాత కరెంటు పెట్టి నరం వేగం చూసే పరీక్ష చేసి, కార్పల్ టన్నెల్ అని తేల్చారు. మణికట్టులో ఎముకలకూ పైనున్న గట్టి పట్టీకీ మధ్య సందులోంచి వేళ్ళను ముడిచే 9 టెండన్లూ (కండను ఎముకకు కలిపే తాళ్ళలాంటివి), మీడియన్ అనే నరమూ వెళ్తాయట. అక్కడ వాపొస్తే ముందు నలిగేది నరమే. చిటికెనవేలి నరానిది వేరే దారి. పూలక్క ఆ ప్రశ్న ఎందుకడిగిందో అప్పుడర్థమయింది. షుగరు, థైరాయిడ్ ఉన్నా ఇది రావచ్చని ఆ పరీక్షలూ రాశారు.

ఇక ఫిజియోథెరపీలో ఉన్న ఆ చిన్నమ్మాయి. వ్యాయామాల బొమ్మల కాగితం చేతిలో పెట్టి పంపేయొచ్చు, పంపలేదు. ఎదురుగా కూర్చోబెట్టి నా వేళ్ళు పట్టుకుని నేర్పింది. వేళ్ళు నిటారుగా చాపాలి. పై రెండు కణుపులే మడిచి కొక్కెంలా పెట్టాలి. మళ్ళీ చాపి, నిండు పిడికిలి. మళ్ళీ చాపి, వేళ్ళు మొదట్లో మాత్రమే వంచి బల్లపరుపుగా. చివరగా, వేళ్ళ కొనలు అరచేతి కింది భాగానికి తగిలేలా. కొక్కెం నాకు వెంటనే వచ్చేసింది గానీ బల్లపరుపు మాత్రం ఎంతకీ కుదిరేది కాదు. ఆ పిల్ల విసుక్కోలేదు.

నరానికి ఇంకోటి: పిడికిలి తెరిచి వేళ్ళు చాపి, మణికట్టు వెనక్కి వంచి, బొటనవేలు పక్కకు తెరిచి, అరచెయ్యి పైకి తిప్పి, ఆఖరున రెండో చేత్తో బొటనవేలిని కొంచెం లాగాలి. "తిమ్మిరి మొదలైతే ఒక మెట్టు వెనక్కి వచ్చేయక్కా, నరం జారితే చాలు, సాగదీయొద్దు" అని ప్రతిసారీ చెప్పేది.

వ్యాయామాలతోనే నయమైపోతుందని ఆశ పెట్టలేదు. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ వేసుకోవడం ముఖ్యమనీ, బొటనవేలి కింద కండ తగ్గినా, వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా ఇంట్లో వేళ్ళు ఆడిస్తూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి రావాలనీ, ఆపరేషన్ అవసరం పడొచ్చనీ ముందే చెప్పింది. "వారంలో మాయం" అనే వీడియోలు చూసి చూసి ఉన్నానేమో, ఆ మాటకే ఆమె మీద గురి కుదిరింది.

పట్టీ కట్టుకుని పడుకోవడం మొదలుపెట్టిన కొన్ని వారాలకు రాత్రి నిద్ర కుదురుకుంది. పూర్తిగా పోలేదు, మగ్గం ముందు ఎక్కువసేపు కూర్చుంటే చూపుడువేలు ఊరుకోదు. లేచి కాసేపు తిరిగి వస్తున్నా.

కొర్లగుంటలో కుట్టే చెల్లెలు పెళ్ళిళ్ళ సీజన్లో నా జాకెట్లన్నీ కుట్టిపెట్టి, ఒక్క గిరాకీని కూడా తనవైపు తిప్పుకోలేదు. మా పనిలో ఇది చిన్న సంగతి కాదు. అడ్వాన్సు వెనక్కి అడగకుండా ఆగిన అక్కలకూ, అమ్మలకూ కూడా నమస్కారం. సంగటి కెలకడం మా ఆయన నేర్చుకున్నాడు. ఉండలు కడతా ఉంది, తింటా ఉన్నాం.

ఫిజియో అమ్మాయీ, ఇది నీ కంటపడితే ఆది జాకెట్టు పంపించు తల్లీ. మగ్గం వర్క్ చేస్తే నువ్వే తిడతావు గనక సాదాదే కుడతాను.