2024 వార్షిక నివేదిక: మన పిల్లల ఓటు

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, వనభోజనాల ఫొటోలు గ్రూపులో అందరూ చూసినవే. జమాఖర్చులు విడిగా పంపాం. ఈ ఏడాది మన బే ఏరియా తల్లిదండ్రుల సంఘం ఎక్కువ సమయం పెట్టిన పని ఒకటే: వైకల్యం వల్ల కన్జర్వేటర్‌షిప్‌లో (అంటే కోర్టు నియమించిన సంరక్షకులు, కన్జర్వేటర్లు, వాళ్ల తరఫున నిర్ణయాలు తీసుకునే ఏర్పాటులో) ఉన్న, 18 దాటిన మన పిల్లల ఓటు.

చాలా ఇళ్లలో ఒకటే మాట: "వాడి సంతకాలన్నీ మేమే పెడుతున్నాం కదా, ఇంక వాడికి ఓటెక్కడిది?" ఇది తప్పు. కాలిఫోర్నియాలో 2016 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఎస్‌బీ 589 అనే రాష్ట్ర చట్టం ప్రకారం, కన్జర్వేటర్ ఉన్నంత మాత్రాన ఓటు పోదు. తగిన సాయం అందించినా ఓటు వేయాలన్న కోరికను తెలపలేరని జడ్జి గట్టి సాక్ష్యంతో తేలిస్తేనే పోతుంది. మాటలు రాకపోయినా పర్వాలేదు, ఐప్యాడ్‌లో బొమ్మ నొక్కి చెప్పినా చెప్పినట్టే. గవర్నరు పేరు చెప్పగలిగితేనే ఓటు అని పరీక్ష పెట్టింది మనమే, చట్టం కాదు. అంతకుముందు ఓటు పోయినవారు కూడా కోర్టును అడిగి తిరిగి తెచ్చుకోవచ్చు.

నవంబరు 5 ఎన్నికల ముందు జరిగిన సమావేశంలో అసలు వాదన సాయం ఎంతవరకు అన్నదాని మీదే. ఫెడరల్ చట్టం ప్రకారం వైకల్యం ఉన్న ఓటరు తనకు నచ్చినవారిని తోడు తెచ్చుకోవచ్చు. ఓటరు యజమాని, యజమాని మనుషులు, యూనియన్ ప్రతినిధులు మాత్రం కుదరదు. మనం బ్యాలట్ చదివి వినిపించవచ్చు, వాళ్లు చూపించిన గడి నింపవచ్చు. ఎవరికి వేయాలన్నది వాళ్లిష్టం. "మా ఇంట్లో మూడు ఓట్లు, మూడూ ఒకరికే" అని ముందే లెక్కేసుకున్న సభ్యులు ఈ పేరా ఇంకోసారి చదవాలని మనవి. జనం మధ్య టెన్షన్ పడే పిల్లలకు పోస్టులో వచ్చే బ్యాలట్ బాగా పనికొచ్చింది. ఇంట్లోనే తీరిగ్గా నింపారు. సంతకం రానివాళ్లు కవరు మీద గుర్తు పెట్టి, ఒక సాక్షితో సంతకం చేయిస్తే చాలు.

గ్రీన్ కార్డు మీదున్న పిల్లల ఓటరు నమోదు ఫారాలు మాత్రం మేమే ఆపించాం. పౌరులు కానివాళ్లు ఓటరుగా నమోదైతే వచ్చే ఇమ్మిగ్రేషన్ చిక్కు మామూలుది కాదు. వైకల్యం వల్ల సిటిజన్‌షిప్ పరీక్ష రాయలేనివారి కోసం డాక్టరు నింపే ఎన్-648 ఫారం ఉంది. ముందు ఆ పని చూడాలి.

వచ్చే ఏడాది 16, 17 ఏళ్ల పిల్లలున్న కుటుంబాలతో విడిగా కూర్చుంటాం. పౌరులైతే 16 నుంచే ముందస్తు నమోదు చేయించవచ్చు. కన్జర్వేటర్‌షిప్ కోసం కోర్టులో ఇంకా పిటిషన్ వేయనివారు, ఓటు గురించి అందులో ఏం రాస్తున్నారో లాయరును అడిగాకే సంతకం పెట్టండి.