పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ పక్క పల్లె నుంచి రమణకి

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్‌లో "పేరుకే సర్పంచిని రా, డ్రైనేజీ పైపు వేయించాలన్నా పైవాళ్ల ముఖం చూడాల్సిందే" అన్నావు. ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఇక్కడి సంగతి తీరిగ్గా రాస్తున్నా.

పోయిన సెప్టెంబరులో మా పల్లెలో ఊరి సభ జరిగింది. ముప్పై మంది ఉంటాం. వచ్చే ఏడాది ఊరి నిధి దేనికి ఖర్చుపెట్టాలో తేల్చాలి. బస్టాపుకి కప్పు వేయాలని ముసలివాళ్లు, పిల్లలకి ఉయ్యాలలు కావాలని తల్లులు. గంటన్నర వాదించుకుని చేతులెత్తారు. కప్పే గెలిచింది. సోల్తిస్, అంటే ఊరిపెద్ద, ఆ తీర్మానాన్ని గడువులోపే గ్మీనాకి పంపేసింది. గ్మీనా అంటే కొన్ని పల్లెలకు కలిపి ఉండే స్థానిక ప్రభుత్వం. మొన్న మే నెలలో ఆ కప్పు కిందే వానకి నిలబడ్డాను!

1989 దాకా, కమ్యూనిస్టుల పాలనలో, పోలండ్‌లో ఊళ్లకి నిజమైన సొంత అధికారం ఉండేది కాదు. 1990 జనవరిలో ఆర్థికమంత్రి బాల్ట్సెరోవిచ్ ధరల మీద పట్టు వదిలేసి సబ్సిడీలు కోసేశాడు. ఆ ఏడాది సగటు ధరలు ముందటేడాది కంటే 500 శాతానికి పైగా పెరిగాయి. అంత కష్టంలోనే మార్చిలో స్థానిక ప్రభుత్వాల చట్టం, మే 27న ఎన్నికలు! యెజీ రెగుల్స్కీ లాంటి నిపుణులు ఏళ్ల ముందే దీనికి కసరత్తు చేసి ఉంచారు కాబట్టి కుదిరింది. నాకు బాగా నచ్చింది, కుర్చీతో పాటు ఆస్తీ ఇవ్వడం. ప్రభుత్వ భూములు, ఇళ్లు, నీటి సరఫరా గ్మీనాల పేరు మీదికి వచ్చాయి. ఆదాయపు పన్నులోనూ వాటా ఉంది. నేను కట్టే పన్నులో కొంత ఈ ఊళ్లకే వస్తుంది.

మనకీ 1993లో పంచాయతీల కోసం 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది, వాటికి అప్పగించదగ్గ 29 అంశాల జాబితా వచ్చింది. అందులో ఏవి, ఎన్ని నిధులతో ఇవ్వాలన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. నీ బాధంతా అక్కడే ఉందిరా.

అలాగని ఇక్కడ అందరూ బాగుపడ్డారనుకోకు. మా ఇంటి ఓనరు తాత ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టరు నడిపేవాడు. వాటిని మూసేయడం మొదలయ్యాక ఏళ్ల తరబడి పని దొరకలేదట. 1993 చివరికి దేశంలో నిరుద్యోగం 16 శాతం దాటింది. జీతాలే లేనిచోట పన్నులో వాటా ఇచ్చి ఏం లాభం? అలాంటి గ్మీనాలకు అధికారం వచ్చింది కానీ గల్లాపెట్టె ఖాళీ. ఇది తల్చుకుంటే తాత గొంతు ఇప్పటికీ వణుకుతుంది.

పైపు బిల్లు సంగతి ఏమైందో వెంటనే రాయి. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
శీను