కళావేదికకు కప్పు వేయండి, లేదా గేటు తాళం మాకివ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నాటకాలు ఆడుకోవడానికని మొదలుపెట్టి సగంలో ఆపేసిన మా ఊరి కళావేదిక గురించి మళ్లీ రాస్తున్నాను. పథకం ఏమిటో, ఎవరి హయాంలో మొదలైందో, ఎవరి హయాంలో ఆగిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఫైలు మీ పేషీలో ఉందని జిల్లాలో చెప్పారు. జిల్లాలోనే ఉందని మీ పేషీలో చెప్పారు. రెండు చోట్లా కూర్చోబెట్టి, మర్యాదగానే చెప్పారు. ఆ విషయంలో ఫిర్యాదు లేదు.

సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెడితే కొన్నాళ్లకు ఫోనుకు మెసేజీ వస్తుంది, 'మీ సమస్య పరిష్కరించబడింది' అని. మొదటిసారి అది చూసి మా నాటక సమాజం హార్మోనిస్టు సైకిలేసుకుని నిజంగానే వేదిక దగ్గరికి వెళ్లి చూసొచ్చాడు పాపం. అక్కడున్నవి ఎప్పుడూ ఉండే మూడు గోడలు, పైకి లేచి తుప్పు పట్టిన ఊచలు, ముందొక శిలాఫలకం. మొత్తం కట్టడంలో పూర్తయింది ఆ ఫలకం ఒక్కటే. నల్ల గ్రానైటు, బంగారు రంగు అక్షరాలు, ఒక్క పేరులోనూ అచ్చుతప్పు లేదు.

మొన్న ఒక అధికారి నాతో అన్న మాట వల్లే ఈ ఉత్తరం బహిరంగంగా రాయాల్సి వచ్చింది. "ఈ రోజుల్లో పల్లెటూళ్లో నాటకం ఎవరు చూస్తారండీ? టౌన్‌లో అయితే ఆలోచించవచ్చు" అన్నారాయన. కోపంగా కాదు, జాలిగా అన్నారు. అదే ఎక్కువ బాధనిపించింది.

అయ్యా, కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, సాగర తాలూకాలో హెగ్గోడు అనే పల్లె ఉంది. అక్టోబరులో అక్కడ జరిగే సంస్కృతి శిబిరం రోజులు చూసుకుని వెళ్లొచ్చాను. ఎటు చూసినా వక్క తోటలే. అలాంటి చోట 1949లో కొందరు ఊరివాళ్లు కలిసి నీలకంఠేశ్వర నాట్య సేవా సంఘం పెట్టుకున్నారు. అందరూ నీనాసం అంటారు. దాన్ని పెంచిన కె.వి.సుబ్బణ్ణ గారు వక్క పండించుకునే రైతు. ఆయన మకాం పట్నానికి మార్చలేదు, నాటకాన్నే తన ఊరికి రప్పించుకున్నారు. 1991లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. 1980 నుంచి అక్కడ రంగస్థల శిక్షణ సంస్థ నడుస్తోంది. 1985లో మొదలైన 'తిరుగాట' బృందం ఏటా కొత్త నాటకాలు కట్టుకుని కర్ణాటక ఊళ్లన్నీ తిరుగుతుంది. షేక్‌స్పియర్, జర్మన్ నాటకకర్త బ్రెక్ట్, సంస్కృత నాటకాలు, అన్నీ కన్నడంలోనే.

పల్లెలో ఎవరు చూస్తారని కదా అడిగారు. నేను చూసిన రాత్రి హాలు నిండింది. శిబిరానికి బయటి నుంచి వచ్చినవాళ్లు కొందరున్నా, నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం ఆ చుట్టుపక్కల రైతే. నాకు కన్నడం సగమే తెలుసు. అర్థం కాని చోట ఆయన ముఖం చూసి నవ్వాలో ఊరుకోవాలో తెలుసుకున్నాను. ఆట అయ్యాక రెండో అంకం సాగదీశారని ఆయన దర్శకుడి మీద విసుక్కున్నాడు. మా ఊళ్లోనూ అలాంటి పెద్దమనుషులు ఉన్నారు సార్, పద్యంలో రాగం తప్పితే అక్కడే కూర్చుని తల అడ్డంగా ఊపుతారు. వాళ్లు కూర్చోవడానికే చోటు లేదు.

హెగ్గోడు పక్కనే చరక అని ఆడవాళ్ల సహకార సంఘం ఉంది. రంగస్థల దర్శకుడు ప్రసన్న చొరవతో మొదలైంది. ఆ పల్లెల ఆడవాళ్లే చెట్ల రంగులద్ది బట్టలు నేస్తారు. వక్క ఉడకబెట్టిన నీళ్లూ రంగుకే పనికొస్తాయి. నాటకం చూడటానికి వచ్చినవాళ్లు అక్కడ చొక్కా గుడ్డ కొనుక్కుని వెళ్తారు, నేనూ కొన్నాను. అంతా సవ్యంగా ఉందని చెప్పడం లేదు. 2019లో చరక కూడా డబ్బుకు కటకటలాడింది. నీనాసానికీ ప్రభుత్వ గ్రాంట్లు అందాయి, ఊరికే గాలిలోంచి ఏదీ పుట్టలేదు. కానీ గ్రాంటు వచ్చిన చోట పైకప్పు కూడా వచ్చింది.

మనకేం తక్కువని? సురభి నాటక సమాజం వాళ్ల తొలి ఆట 1885లో కడప జిల్లాలో ఒక పల్లెలోనే కదా పడింది. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. ఈ రోజుకీ గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల్లో పరిషత్తు నాటక పోటీలు నడుస్తున్నాయంటే ఊరి చందాల మీదే. ఏటా ఏప్రిల్ 16న కందుకూరి వారి జయంతికి మీరు దండ వేస్తారు, నాటకరంగ దినోత్సవం అని మైకులో మా గురించి గొప్పగా చెబుతారు. మర్నాడు పేపర్లో ఫొటో చూసి మేమూ సంతోషిస్తాం.

ఇక మా సంగతి. కప్పు లేని వేదిక అంటే ఎలా ఉంటుందో ఏసీ హాల్లో సన్మానాలు చూసేవారికి తెలియకపోవచ్చు. రిహార్సల్స్ రామాలయం మండపంలో చేసుకుంటాం, పూజారి గారు తాళం వేసే దాకా. తర్వాత రైసు మిల్లు ఆవరణ. సీజన్లో అక్కడ ధాన్యం లారీలు వస్తే అదీ ఉండదు. మా ఊళ్లో నాటక పోటీలు పెట్టే రోజుల్లో మీరు కట్టించిన మూడు గోడల ముందు రోడ్డు మీద మేం వేరే స్టేజీ కట్టుకుంటాం. షామియానా, కుర్చీలు, జనరేటరు, మైకు సెట్టు, అన్నీ అద్దె. ఊళ్లో పోగైన చందా ఆ అద్దెలకే పోతుంది. బయటి నుంచి వచ్చిన నాటక సమాజాలకు భోజనం పెట్టే వేళకు మా కోశాధికారి ముఖం చూడలేం. వాన పడిందా, సెట్టింగులు తడిసి, తెర మీద రాజమహలు రంగు కారిపోతుంది. ఒక ఏడాది దుర్యోధనుడి కిరీటం మీద కవరు కప్పి ఏకపాత్ర పూర్తి చేయించాం. జనం లేచిపోలేదు, గొడుగులు తెరిచారు. మీ ఎస్టిమేటులో ఈ గొడుగుల లెక్క ఎక్కడైనా ఉందా?

అన్నిటికన్నా మా ఆడ ఆర్టిస్టుల అవస్థ చెప్పుకోవాలి. తెనాలి నుంచీ, విజయవాడ నుంచీ వస్తారు. పెద్దవాళ్లు, పేరున్నవాళ్లు. వాళ్లు చీర మార్చుకోవాలంటే బడిలో గది. ఆ గది తలుపుకు గడియ లేదు, ఒకరు లోపల ఉంటే మరొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. బాత్రూంకి ఎవరింటికో పంపాలి, అదీ అర్ధరాత్రి, మేకప్పుతో. ఒకావిడ ఆ రోజంతా నీళ్లు తాగలేదని తర్వాత తెలిసింది. మళ్లీ పిలిస్తే "మీ ఊరికి రాలేను బాబూ" అంది. మేం ఏం జవాబు చెప్పాలి? ఫైలు కదలికలో ఉందని చెప్పాలా?

మీ శాఖ వేదికకు గేటు పెట్టించి తాళం వేసింది. కప్పు లేనిదానికి తాళం ఎందుకని అడిగితే, లోపల కాంట్రాక్టరు సామాను ఉందన్నారు. బిల్లులు రాలేదని కాంట్రాక్టరు కోర్టుకు వెళ్తానంటున్నాడు, అది ఆయన బాధ. కరెంటు మీటరు మాత్రం బిగించారు. ఒక్క బల్బు లేని చోట మినిమం బిల్లు నెలనెలా పంచాయతీకి వస్తోంది. ప్రభుత్వం ఏ పనీ ఆపేయదని నమ్మడానికి మాకు ఆ ఒక్క ఆధారమైనా మిగిల్చారు.

నేను మిమ్మల్ని హెగ్గోడు కట్టివ్వమని అడగడం లేదు. రేకుల కప్పయినా వేయించండి. రెండు మేకప్ గదులు, తలుపులకు గడియలు, బాత్రూములు. అది కూడా బడ్జెట్లో కుదరకపోతే, తాళం మా నాటక సమాజానికి ఇచ్చి ఒక కాగితం రాసివ్వండి. మిగతాది చందాలు పోగేసి మేమే చూసుకుంటాం. అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు రేకులకు డబ్బు పంపుతామంటున్నారు. ప్రభుత్వ స్థలంలో ప్రైవేటు డబ్బు పెట్టడానికి పర్మిషన్ ఎవరిస్తారో ఎవరూ చెప్పడం లేదు. మీరైనా చెప్పండి. ప్రారంభోత్సవం మీ చేతుల మీదుగానే చేయిస్తాం. శిలాఫలకంలో కింద ఇంకో పేరుకు చోటుంది, నేనే చూశాను.

మా పోటీలు సంక్రాంతి వెళ్లాక ఉంటాయి. సమాజాలకు ఆహ్వానాలు పంపేలోగా అవుననో కాదనో చెబితే, ఈసారి షామియానా మాట్లాడుకోవాలో వద్దో తేల్చుకుంటాం. కాదన్నా పర్వాలేదు, సంతకం పెట్టి చెప్పండి.

ఇట్లు,
తమ విధేయుడు,
నాటక సమాజం కార్యదర్శి