మా సర్వర్ రూమ్‌ని ఆదుకున్న అన్నకీ, అక్కకీ కృతజ్ఞతలు

పేర్లు రాయొద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు. సరే, రాయను. చేసిన మేలు మాత్రం నలుగురికీ తెలియాలి, అందుకే ఈ పోస్టు.

నేను వైజాగ్ రామ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిస్టమ్ అడ్మిన్‌ని. ఓపీ బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టులు, స్కానింగ్ ఇమేజీలు, ఫార్మసీ స్టాకు, అన్నీ మాకు వర్చువల్ మెషీన్ల (ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో చేసిన వేర్వేరు కంప్యూటర్ల) మీదే నడుస్తాయి. వాటన్నిటినీ ఒక్కచోట కూర్చుని చూసుకోడానికి వీఎంవేర్ వీసెంటర్ సర్వర్ ఉంది. పోయిన వారం పొద్దున్నే దాని వెబ్ పేజీ తెరిస్తే 503 ఎర్రర్, అంటే సర్వీసు అందడం లేదని. రాత్రి బ్యాకప్ కూడా పడలేదు, ఎందుకంటే ఏ మెషీన్ ఎక్కడుందో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వీసెంటర్‌నే అడుగుతుంది. లాగ్ (సర్వర్ తనలో జరిగింది రాసుకునే ఫైలు) తెరిస్తే డేటాబేస్ ఎర్రర్లు వరసగా కిందికి పోతూనే ఉన్నాయి. మాది 7.0 వెర్షన్. దాని జనరల్ సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో అయిపోయింది, కొత్త వెర్షన్‌కి మారే ఫైలు ఇంకా సంతకాల్లో ఉంది. టికెట్ వేసి ఎవరినో అడిగే దారి కూడా లేదు.

ఆ టెన్షన్‌లో ఫోన్ చేసింది మా పాత అడ్మిన్ అన్నకి. ఆయన ఇక్కడ మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు రుషికొండ ఐటీ హిల్స్‌లో వేరే కంపెనీ. మాకు ఏ రకంగానూ బాకీ లేని మనిషి. విషయం విని ఆయన అన్న మొదటి మాట ఇది: "ముందు ఏటీ ముట్టుకోకు బాబూ. పేషెంట్ల పని ఆగిందా, అది చెప్పు."

ఆగలేదు. వీసెంటర్ పడిపోయినా కింద ఈఎస్ఎక్స్ఐ హోస్టుల మీద, అంటే అసలు సర్వర్ల మీద, మెషీన్లు నడుస్తూనే ఉంటాయి. ఒక హోస్టు పోతే దాని మీది మెషీన్లను ఇంకో హోస్టు మీద లేపే హెచ్ఏ కూడా పనిచేస్తుంది, ఆ ఏజెంట్లు హోస్టుల్లోనే ఉంటాయి కాబట్టి. ఆగేవి వీమోషన్ (నడుస్తున్న మెషీన్‌ని ఇంకో హోస్టుకి మార్చడం), డీఆర్ఎస్ (హోస్టుల మధ్య బరువు సర్దడం), బ్యాకప్‌ల లాంటివి. ఇది నేను చదివిన విషయమే. అయినా ఓపీ కౌంటర్ ముందు క్యూ కదులుతోందా అని నాతో అడిగించి, ల్యాబ్‌లో రిపోర్టు ప్రింట్ అవుతోందా అని చూయించి, "ఇంక నీకు కావలసినంత టైముంది, నిదానంగా చేద్దాం" అని ఆయన అన్నాక గానీ నా చేతులు కుదుటపడలేదు. ఆ రోజు మాకు అందిన అసలు సాయం అదే అని నా నమ్మకం. సర్వర్లు పాడయ్యేది ఎక్కువసార్లు మొదటి దెబ్బకి కాదు, ఆ తర్వాత కంగారులో కొట్టే కమాండ్లకి.

లాగ్‌లో డేటాబేస్ పేరు కనిపించేసరికి అన్న తనకు తెలిసిన అక్కని కాల్‌లో కలిపారు. ఆవిడ మధురవాడలో ఉంటారు, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. వీసెంటర్ మెషీన్ లోపల ఉండేది కూడా పోస్ట్‌గ్రెస్సే. ఆవిడ నన్ను అడిగింది రెండే రెండు: సర్వీసుల్లో ఏవి నడుస్తున్నాయి, డిస్కుల్లో ఎంత చోటు మిగిలింది. చూస్తే డేటాబేస్ సర్వీసు నడుస్తూనే ఉంది, దాన్ని వాడుకునే వీపీఎక్స్‌డీ (వీసెంటర్ అసలు సర్వీసు) మాత్రం లేచి పడిపోతోంది. చోటు ఎంతుందో చూపించే డీఎఫ్ కమాండ్ కొడితే స్టోరేజ్ సీట్ అనే పార్టిషన్ (డిస్కులో ఒక భాగం) 100 శాతం నిండిపోయింది. టాస్కులు, ఈవెంట్లు, అలారాలు, పర్‌ఫార్మెన్స్ లెక్కలు అన్నీ చేరేది అందులోనే. "డేటాబేస్ బతికే ఉందమ్మా, రాసుకోడానికి చోటు లేదు, అంతే" అన్నారు. లాగ్‌లో కొంచెం పైకి వెళ్తే ఫైలు పెంచడానికి డిస్కులో స్థలం లేదని పోస్ట్‌గ్రెస్ చెప్పిన లైను కూడా దొరికింది.

ఇక్కడే మా జూనియర్ కుర్రాడు, పాపం మంచి ఉద్దేశంతోనే, "డీబీలాగ్ పార్టిషన్‌లో పాత లాగ్ ఫైళ్లున్నాయి, తీసేద్దామా" అన్నాడు. అక్క గొంతు ఒక్కసారిగా మారింది. అవి చదివి పడేసే లాగులు కావు, డేటాబేస్ తన మార్పులను ముందుగా రాసిపెట్టుకునే ఫైళ్లు. అవి తీసేస్తే డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు. లాగులే కదా అని జనం తుడిచేస్తున్నారనే 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10లో ఆ ఫోల్డర్ పేరు పీజీ ఎక్స్‌లాగ్ నుంచి పీజీ వాల్‌గా మార్చారట. ఇంత ఓపికగా, ఒక్క మాట తూలకుండా ఆ కుర్రాడికి చెప్పారు. వాడు అదంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

సాయంత్రం తన డ్యూటీ అయ్యాక అన్న స్వయంగా వచ్చారు. ఆ ట్రాఫిక్‌లో రుషికొండ నుంచి రామ్‌నగర్ దాకా రావడం అంటే మాటలు కాదు. వచ్చీ రాగానే సర్వర్ రాక్ తలుపు తీసి లోపలి వైపు చూశారు. అక్కడ ఆయనే ఎప్పుడో అంటించిన కాగితం ఇంకా ఉంది, మీద వెడల్పాటి సెల్లోటేపు, అంచులు పసుపు పచ్చగా మారాయి. హోస్టుల ఐపీలు, వీసెంటర్ మెషీన్ ఏ హోస్టు మీద ఉండాలో, ఏ డేటాస్టోర్‌లో (మెషీన్ల ఫైళ్లుండే నిల్వలో) ఉండాలో చేత్తో రాసి ఉన్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి కరెంటూ నెట్‌వర్కూ పోయినప్పటి నుంచి ఇలా కాగితం మీద పెట్టడం తనకి అలవాటైందని చెప్పారు. వీసెంటర్ లేనప్పుడు వీసెంటర్ ఎక్కడుందో వెతకాలంటే ఒక్కో హోస్టులోకి లాగిన్ అయి చూసుకోవాలి. మాకు ఆ తిప్పలు తప్పింది, నేరుగా ఆ హోస్టు పేజీలోకే వెళ్లాం.

డిస్కు పెంచే ముందు స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఉన్న స్థితిని దాచుకోవడం) తీసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. స్నాప్‌షాట్ ఉండగా డిస్కు సైజు పెంచడం కుదరదని అన్న ముందే చెప్పారు. బదులుగా వీసెంటర్ మెషీన్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేయించి, డేటాస్టోర్ బ్రౌజర్‌లో దాని ఫోల్డర్ మొత్తం ఇంకో డేటాస్టోర్‌కి కాపీ పెట్టించారు. అది అయ్యేదాకా పక్కనే కూర్చున్నారు, క్యాంటీన్ టీ తప్ప ఇంకేమీ ముట్టలేదు. తర్వాత ఎనిమిదో డిస్కుని, అంటే స్టోరేజ్ సీట్ ఉన్నదాన్ని పెంచి, మెషీన్ ఆన్ చేసి, రూట్ షెల్‌లో (పూర్తి అధికారంతో కమాండ్లు కొట్టే చోట) పెరిగిన డిస్కు మేరకు పార్టిషన్‌ని పెంచే ఆటోగ్రో స్క్రిప్ట్ నడిపాం. పార్టిషన్ పెరిగింది. సర్వీసులన్నీ మళ్లీ స్టార్ట్ చేశాం. వీపీఎక్స్‌డీ లేచింది, ఈసారి పడలేదు. లాగిన్ పేజీ రాగానే మా కుర్రాడు చప్పట్లు కొట్టాడు.

అక్కడితో వెళ్లిపోయినా మేం ఏమనేవాళ్లం కాదు. కానీ ఎందుకు నిండిందో తేలకపోతే మళ్లీ నిండుతుందని అక్క మళ్లీ కాల్‌లోకి వచ్చారు. ఈవెంట్ల పట్టికలు లెక్కపెట్టిస్తే సింహభాగం లాగిన్, లాగౌట్‌లే, అన్నీ ఒకే సర్వీస్ అకౌంట్‌వి. ఈ మధ్య ఒక వెండర్ పెట్టి వెళ్లిన మానిటరింగ్ టూల్, ప్రతి చిన్న వివరానికీ కొత్తగా లాగిన్ అయి బయటికి పోతోంది. అలా వచ్చి పోయిన ప్రతిసారీ రెండు ఈవెంట్లు. దానికి తోడు ఆడిట్ కోసమని ఈవెంట్లను మామూలుగా ఉండే 30 రోజుల కంటే చాలా ఎక్కువ కాలం దాచేలా సెట్టింగ్ ఉంది. టూల్ ఒకే సెషన్ పట్టుకుని ఉండేలా మార్పించాం. ఆడిట్‌కి కావలసినవి లాగులు దాచే వేరే సిస్‌లాగ్ సర్వర్‌కి పంపి, వీసెంటర్‌లో గడువు తగ్గించాం. ఆ రాత్రి బ్యాకప్ పూర్తిగా పడింది.

డబ్బు ఇస్తామంటే అన్నకి కోపం వచ్చింది. అక్క అయితే "మా అమ్మకి మీ ఆసుపత్రిలోనే చూపిస్తున్నాం, అవి మా రిపోర్టులు కూడా" అని నవ్వేశారు. అన్నా, అక్కా, మీ ఇద్దరి రుణం తీర్చుకోలేను. పేరు లేకుండా అయినా ఈ ధన్యవాదాలు అందుకోండి. ఆ రోజంతా ఒక్కసారి కూడా విసుక్కోకుండా మమ్మల్ని మా పని చేసుకోనిచ్చిన ల్యాబ్ వాళ్లకీ, బిల్లింగ్ కౌంటర్ వాళ్లకీ, ఏసీ ఆగకుండా రాత్రంతా కాపుకాసిన ఎలక్ట్రీషియన్ తాతకీ కూడా.

రాక్ తలుపుకి కొత్త కాగితం అంటించాం. పార్టిషన్ల సైజులు కూడా ఈసారి అందులో రాశాం. ఆ కాగితం నమూనా వైజాగ్‌లో ఏ ఆసుపత్రి, ఏ కాలేజీ అడ్మిన్‌కి కావాలన్నా అడగండి, ఇస్తాను.