రైలా క్యాంపు ఏర్పాట్లు: అందరూ ఒకసారి చదవండి

రోటరీ మిత్రులకు నమస్కారం.

రైలా (రోటరీ యూత్ లీడర్‌షిప్ అవార్డ్స్, అంటే యువతకు నాయకత్వ శిక్షణ ఇచ్చే క్యాంపు) 1959లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో మొదలైంది. 1971 నుంచి రోటరీ ఇంటర్నేషనల్ అధికారిక కార్యక్రమం. 14 నుంచి 30 ఏళ్ల దాకా రావచ్చు. అలాగని తొమ్మిదో తరగతి పిల్లల్నీ డిగ్రీ వాళ్లనీ ఒకే బ్యాచ్‌లో కలపకండి, చిన్నవాళ్లు నోరు విప్పరు.

ఎంపిక దగ్గరే సగం తేడా కొడుతుంది. ప్రిన్సిపాల్‌గారిని అడిగితే ర్యాంకర్ల పేర్లే ఇస్తారు. పీఈటీ సార్‌నీ హాస్టల్ వార్డెన్‌నీ కూడా అడగండి. నలుగురిని పోగేసి పని చేయించే పిల్లలెవరో వాళ్లకు తెలుస్తుంది.

టీముకు ఎనిమిది మంది చాలు. ఒకే స్కూలు వాళ్లను విడదీయండి. లీడర్‌ని పూటకొకరిని మార్చాలి, లేకపోతే మొదటిరోజు గట్టిగా మాట్లాడినవాడే చివరిదాకా పెత్తనం చేస్తాడు. ప్రతి ఆట తర్వాత 20 నిమిషాలు చర్చ తప్పనిసరి: ఎవరి మాట ఎవరూ వినలేదు, ఎందుకని? తెలుగులో మాట్లాడనివ్వండి. చర్చ ఎగరగొడితే మిగిలేది పిక్నిక్కే. శాలువాలు, ప్రసంగాలు అరగంటలో ముగించాలి (మన పెద్దలకు ముందే చెప్పి ఉంచండి!).

18 ఏళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం, అలర్జీలు, వాడే మందుల వివరాలు బస్సెక్కకముందే చేతికి రావాలి. ఆడపిల్లల బస దగ్గర రాత్రి ఇద్దరు మహిళా వాలంటీర్లుండాలి. ఏ వాలంటీరూ పిల్లలతో గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎంత తెలిసినవారైనా సరే.